ఫైబర్ పోయినా రౌటర్ సిమ్‌కి మారట్లేదు, కింద షాపులో ప్రింటర్ కూడా ఆగిపోతోంది

ప్రశ్న: అన్నా, మాది హనుమకొండ. నేను ఇంట్లోంచే మెడికల్ కోడింగ్ చేస్తా, నైట్ షిఫ్ట్, ఆఫీస్ వీపీఎన్ తెగితే లాగిన్ టైం పోతుంది. కింద మామయ్య గారి మెడికల్ షాపు ఉంది, అందులో బిల్లింగ్ కంప్యూటర్, వైఫై ప్రింటర్, నాలుగు కెమెరాలు. ఫైబర్ ఊరికే పోతోందని 4జీ సిమ్ రౌటర్ కొన్నాం, రెండిటినీ కలపడానికి డ్యూయల్ వాన్ రౌటర్ కూడా పెట్టించాం. కానీ ఫైబర్ పోయినప్పుడు దానంతటది మారట్లేదు, నేను కిందికెళ్లి వైరు పీకితే అప్పుడు సిమ్ మీదికి వస్తుంది. పెట్టిన అబ్బాయి రెండూ కలిపి స్పీడ్ పెంచానన్నాడు, అప్పట్నుంచి వీపీఎన్ ఇంకా ఎక్కువ తెగుతోంది. ప్రింటర్ ఒకరోజు పనిచేస్తే ఒకరోజు చెయ్యదు, కెమెరాలు ఫోన్‌లో రావట్లేదు. ఫైబర్ డబ్బా, సిమ్ డబ్బా రెండూ 192.168.1.1 అనే చూపిస్తున్నాయి, కొత్త రౌటర్ 192.168.0.1. ఇంకో కంపెనీ ఫైబర్ కూడా తీసేసుకుందామా అని మా ఆయన అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

సమాధానం: చెల్లెమ్మా, ముందు మీ ఆయనకి చెప్పండి, ఇప్పుడప్పుడే ఇంకో ఫైబర్ వద్దు. మీ దగ్గరున్న మూడు డబ్బాలూ సరిపోతాయి, కొత్తగా కొనాల్సింది దాదాపు ఏమీ ఉండదు, సెట్టింగ్స్ సరిగ్గా లేవు అంతే. మీరు ఆ అడ్రస్‌లు కూడా చూసి రాశారు కాబట్టి తప్పు ఎక్కడుందో చాలావరకు ఇక్కణ్ణుంచే అర్థమవుతోంది.

రెండో ఫైబర్ ఎందుకు వద్దంటున్నానో చెప్తా. ఖమ్మంలో మా అక్క వాళ్లింట్లో రెండు వేరే వేరే కంపెనీల ఫైబర్లు తీసుకున్నారు, నెలనెలా రెండు బిల్లులు కట్టారు, ఒకరోజు గాలివానకి వేపకొమ్మ విరిగి వీధి చివర స్తంభం మీద పడితే రెండూ ఒకేసారి పోయాయి. వెళ్లి చూస్తే ఆ స్తంభం మీద రెండు వైర్లూ ఒకే కట్టలో ఉన్నాయి. మన ఊళ్లల్లో ఫైబర్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదే వెళ్తుంది కదా, కంపెనీ పేరు మారినా దారి మారదు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కరెంట్ షాక్ ప్రమాదం జరిగాక స్తంభాల మీద కేబుళ్లు కోసేస్తే ఎంతమందికి ఒకేసారి నెట్ పోయిందో మీకూ గుర్తుండే ఉంటుంది, అలాంటప్పుడు రెండు ఫైబర్లున్నా లాభం లేదు. బ్యాకప్ అనేది వేరే దారిలో రావాలి. మీరు సిమ్ తీసుకున్నారు చూశారా, అదే సరైన పని. ఒక్కటే చూసుకోండి, ఆ సిమ్ మీ ఫైబర్ కంపెనీదే అయితే వేరే కంపెనీకి మార్చండి, ఎందుకంటే ఆ కంపెనీ లోపల్లోపలే ఏదైనా పాడైతే ఫైబరూ సిమ్మూ కలిసి పోయే అవకాశం ఉంటుంది.

ఇక అసలు విషయం, ఫైబర్ పోయినా రౌటర్ ఎందుకు మారట్లేదు.

ఒకసారి ఫైబర్ డబ్బా దగ్గర నిలబడి చూడండి. గోడలోంచి సన్నటి తీగ డబ్బాలోకి వస్తుంది, డబ్బాలోంచి మామూలు నెట్‌వర్క్ కేబుల్ మీ కొత్త రౌటర్‌కి వెళ్తుంది. వీధిలో ఫైబర్ తెగితే ఏమవుతుంది? డబ్బా మీద ఎల్ఓఎస్ అని రాసున్న లైటు ఎర్రగా కొట్టుకుంటుంది. కానీ డబ్బాకి కరెంటు ఉంది, డబ్బాకీ రౌటర్‌కీ మధ్య కేబుల్ బాగానే ఉంది, రౌటర్‌కి డబ్బా ఇచ్చిన అడ్రస్ కూడా అలాగే ఉంది. అంటే రౌటర్ వైపు నుంచి చూస్తే అంతా బాగానే ఉన్నట్టు, పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది. అది తన పక్కింటి దాకా దారి ఉందా అని చూస్తోంది గానీ ఊరు దాటి వెళ్తోందా లేదా చూడట్లేదు. మీరు వైరు పీకగానే పచ్చ లైటు ఆరిపోతుంది, అప్పుడు దానికి తెలుస్తుంది, అందుకే అప్పుడు మారుతోంది.

దీనికి మందు రౌటర్‌లోనే ఉంటుంది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. కొన్నిట్లో ఆన్‌లైన్ డిటెక్షన్ అంటారు, ఆసుస్ వాటిల్లో ఆటో నెట్‌వర్క్ డిటెక్షన్ అని ఉంటుంది, రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్న వాళ్లకి ఎమ్‌వాన్3లో ట్రాకింగ్ ఐపీ అని ఉంటుంది. పేరు ఏదైనా పని ఒకటే, కొన్ని సెకన్లకోసారి బయట ఉన్న ఒక అడ్రస్‌కి పింగ్ పంపించి జవాబు వస్తోందా లేదా చూడటం. అక్కడ ఏ అడ్రస్ ఇస్తారన్నదే ముఖ్యం. చాలామంది గేట్‌వే అడ్రస్ ఇస్తారు, మీ విషయంలో గేట్‌వే అంటే ఆ ఫైబర్ డబ్బానే, అది ఎప్పుడూ జవాబు చెప్తూనే ఉంటుంది, అప్పుడు పెట్టీ లాభం లేదు. గూగుల్‌ది 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్‌ది 1.1.1.1, ఈ రెండూ ఇవ్వండి, రెండు ఇవ్వడానికి వీలుంటే తప్పకుండా రెండూ ఇవ్వండి, ఎందుకంటే ఒక్కటే ఇస్తే ఆ ఒక్కటి కాసేపు పలక్కపోయినా మీ రౌటర్ లైను పోయిందనుకుంటుంది. 5 సెకన్లకోసారి చూడమనండి, వరసగా 4 సార్లు జవాబు రాకపోతే మారమనండి. అంటే ఫైబర్ పోయిన 20 సెకన్ల చుట్టుపక్కల సిమ్ మీదికి వస్తారు. ఇంకా తొందరగా కావాలని 1 సెకను, 2 సార్లు అని పెట్టకండి, సాయంత్రం పూట లైను కాస్త నెమ్మదించినా అటూ ఇటూ గెంతుతూ ఉంటుంది, వీపీఎన్‌కి అది ఫైబర్ పోవడం కన్నా ఎక్కువ ఇబ్బంది.

వీపీఎన్ అంటే గుర్తొచ్చింది, ఆ అబ్బాయి రెండూ కలిపి స్పీడ్ పెంచానన్నాడు కదా, అది లోడ్ బ్యాలెన్స్. ముందు దాన్ని తీసేయండి. అది రెండు లైన్ల స్పీడూ కలిపి ఒకే డౌన్‌లోడ్‌కి ఇవ్వదు, ఒక కనెక్షన్‌ని ఇటు పంపితే ఇంకో కనెక్షన్‌ని అటు పంపుతుంది. ఫైబర్ మీదుగా వెళ్తే బయటివాళ్లకి మీరు ఒక అడ్రస్‌తో కనపడతారు, సిమ్ మీదుగా వెళ్తే ఇంకో అడ్రస్‌తో. మీ ఆఫీస్ సర్వర్‌కి లాగిన్ ఒక అడ్రస్ నుంచి, మిగతా పని ఇంకో అడ్రస్ నుంచి వస్తే అనుమానంతో తెంపేస్తుంది. ఇలా పెట్టుకున్న ఇళ్లల్లో బ్యాంకు సైట్లు మధ్యలో లాగౌట్ చేసేదీ చాలాసార్లు దీనివల్లే. మీకు కావాల్సింది ఫెయిలోవర్, కొన్ని రౌటర్లలో లింక్ బ్యాకప్ అంటారు, ఫైబర్ ప్రైమరీ, సిమ్ బ్యాకప్. ఫైబర్ ఉన్నంతసేపు సిమ్ ఊరికే కూర్చోవాలి.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పాలి, లేకపోతే మళ్లీ పనిచెయ్యట్లేదని కంగారు పడతారు. ఫైబర్ నుంచి సిమ్‌కి మారినప్పుడు మీ బయటి అడ్రస్ మారిపోతుంది కాబట్టి వీపీఎన్ ఒకసారి తెగే అవకాశమే ఎక్కువ, చాలావరకు దానంతటదే మళ్లీ కలుస్తుంది, అది ఏ మామూలు రౌటర్ పెట్టినా తప్పదు. తప్పించుకోగలిగింది రెండోసారి తెగడం. ఫైబర్ వాళ్లు వీధి చివర వైరు అతికిస్తూ ఉంటారు, రెండు నిమిషాలు వస్తుంది, మళ్లీ పోతుంది, మళ్లీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ రౌటర్ ఫైబర్ మీదికి పరిగెత్తిందంటే మీ షిఫ్ట్ అంతా లాగిన్ అవడంతోనే సరిపోతుంది. దీన్ని ఫెయిల్‌బ్యాక్ అంటారు. వెంటనే వెనక్కి వెళ్లకుండా కాస్త ఆగమనే సెట్టింగ్ ఉంటే 5 నుంచి 10 నిమిషాలు పెట్టండి. అలాంటిది లేకపోతే ఆటో ఫెయిల్‌బ్యాక్ ఆపేసి పొద్దున షిఫ్ట్ అయ్యాక మీరే మార్చుకోండి, కాకపోతే మార్చడం మర్చిపోతే షాపు కూడా పగలంతా సిమ్ డేటా మీదే నడుస్తుంది, అది గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు అడ్రస్‌ల సంగతి. ప్రింటర్, కెమెరాల బాధంతా ఇందులోనే ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

192.168.1.25 అనేది ఉందనుకోండి, చుక్కలతో విడదీసిన వాటిలో మొదటి మూడు సంఖ్యలు (192.168.1) వీధి పేరు, చివరిది (25) ఇంటి నంబర్ (సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అని ఉంటే ఇలాగే లెక్క). ఒకే వీధిలో ఉన్న వస్తువులు నేరుగా మాట్లాడుకుంటాయి, వేరే వీధికి వెళ్లాలంటే రౌటర్‌ని అడగాలి. ఇప్పుడు మీ కొత్త రౌటర్‌కి ఒకవైపు ఫైబర్ డబ్బా వీధి 192.168.1, ఇంకోవైపు సిమ్ డబ్బా వీధి కూడా 192.168.1, రెండిట్లోనూ పెద్దమనిషి 192.168.1.1 ఏ. ఒకే పేరున్న రెండు వీధుల మధ్య నిలబెట్టి ఉత్తరం ఇవ్వమంటే పోస్ట్‌మ్యాన్ ఎటు వెళ్తాడు? కొన్ని రౌటర్లు ఇలాంటిది ఒప్పుకోనే ఒప్పుకోవు, కొన్ని ఒప్పుకుని పిచ్చిపిచ్చిగా చేస్తాయి. ఇది సరిచెయ్యకుండా పైన చెప్పిన పింగ్ సెట్టింగ్ పెట్టినా నమ్మకం లేదు.

కెమెరాల రికార్డర్‌కి అప్పట్లో బిగించినవాళ్లు చేత్తో 192.168.1 వీధిలో ఒక అడ్రస్ కొట్టి ఉంటారు, అలా కొట్టడం మామూలే. కొత్త రౌటర్ వచ్చాక మీ ఇంటి వీధి 192.168.0 అయిపోయింది, రికార్డర్ మాత్రం పాత అడ్రస్ పట్టుకునే కూర్చుంది. ప్రింటర్ విషయం ఇంకొకటి అని నా అనుమానం. ఫైబర్ డబ్బా వైఫై ఇంకా ఆన్‌లోనే ఉండుంటుంది, ప్రింటర్ దానికే కనెక్ట్ అయ్యుంటుంది, బిల్లింగ్ కంప్యూటర్‌లో మాత్రం పాత వైఫై, కొత్త వైఫై రెండూ సేవ్ అయ్యి ఉంటాయి, పొద్దున ఆన్ చేసినప్పుడు ఏది ముందు దొరికితే దానికి పోతుంది. పాతదానికి పోయిన రోజు ప్రింట్ వస్తుంది, కొత్తదానికి పోయిన రోజు రాదు. ఒకరోజు వచ్చి ఒకరోజు రాకపోవడం అంటే చాలాసార్లు ఇదే. కంప్యూటర్ కింద మూలన వైఫై గుర్తు నొక్కి ఏ పేరుందో చూడమని మామయ్య గారికి చెప్పండి, ప్రింట్ వచ్చిన రోజూ రాని రోజూ, తేలిపోతుంది.

సరిచెయ్యడానికి తేలిక దారి ఏంటంటే, ఇంట్లో వస్తువుల్ని కదపకుండా డబ్బాల వీధి పేర్లు మార్చడం. ఇంట్లో ఉన్నవన్నీ 192.168.1కి అలవాటు పడ్డాయి కదా, ఆ వీధి ఇంటికే ఇచ్చేద్దాం. ఫైబర్ డబ్బాకి 192.168.11.1, సిమ్ డబ్బాకి 192.168.12.1, కొత్త రౌటర్‌కి 192.168.1.1. గుర్తుపెట్టుకోవడం కూడా సులువు, 11 ఫైబర్, 12 సిమ్.

వరస తప్పొద్దు. షాపు మూసేశాక, మీకు వీక్లీ ఆఫ్ ఉన్న రోజు పెట్టుకోండి, గంటన్నర చాలు. ముందు మూడు డబ్బాల సెట్టింగ్స్ పేజీలనీ ఫోన్‌తో ఫోటోలు తీసి పెట్టుకోండి, రౌటర్‌లో బ్యాకప్ ఫైల్ దించుకునే బటన్ ఉంటుంది, అది కూడా నొక్కండి. తర్వాత లాప్‌టాప్‌ని కేబుల్‌తో సిమ్ డబ్బా ఒక్కదానికే పెట్టి దాని ల్యాన్ అడ్రస్, అంటే లోపలి వైపు అడ్రస్, 192.168.12.1 చెయ్యండి, పక్కనే డీహెచ్‌సీపీ రేంజ్ ఉంటుంది, అంటే వస్తువులకి అది పంచే అడ్రస్‌ల వరస, అది దానంతటది మారకపోతే దాన్ని కూడా 12లోకి మార్చాలి. సేవ్ కొట్టగానే పేజీ ఆగిపోతుంది, భయపడకండి, అడ్రస్ మారింది కాబట్టి ఆగింది, కేబుల్ ఒకసారి తీసి పెట్టి కొత్త అడ్రస్ కొట్టి లోపలికి వెళ్లండి. ఫైబర్ డబ్బాకి కూడా ఇలాగే 11. ఆ రెండూ అయ్యాకే కొత్త రౌటర్ ల్యాన్‌ని 192.168.1.1 చెయ్యండి, ముందే చేస్తే వాన్ వైపు, అంటే బయటి నెట్ వచ్చే వైపు కూడా అదే ఉంది కాబట్టి కుదరదని తిప్పికొడుతుంది.

ఫైబర్ డబ్బాలో మార్చనివ్వకుండా ఆపరేటర్ లాక్ చేసి ఉంటే రెండు దారులున్నాయి. ఆపరేటర్‌కి ఫోన్ చేసి డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమని (అంటే డబ్బా రౌటర్ పని మానేసి లైనుని నేరుగా మీ రౌటర్‌కి ఇచ్చేస్తుంది), మీ పీపీపీఓఈ, అంటే ఫైబర్ లైను లాగిన్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వమని అడగండి, అవి కొత్త రౌటర్ వాన్‌లో కొడితే లాగిన్ మీ రౌటరే చేసుకుంటుంది. నిజానికి ఇదే మేలు, ఫైబర్ తెగితే ఆ లాగిన్ కూడా పడిపోతుంది కాబట్టి రౌటర్‌కి తొందరగా తెలుస్తుంది, అయినా పింగ్ డిటెక్షన్ మాత్రం ఉంచండి. ఆపరేటర్ ఇవ్వనంటే ఫైబర్ డబ్బాని 1లోనే వదిలేసి, సిమ్‌ని 12 చేసి, ఇంటికి 192.168.50.1 ఇచ్చి, రికార్డర్‌లోనూ ప్రింటర్‌లోనూ కొత్త అడ్రస్‌లు కొట్టుకోవాలి. పని కాస్త ఎక్కువ, అంతకన్నా నష్టం లేదు. బ్రిడ్జ్ చెయ్యకపోతే రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి ఉన్నట్టవుతుంది, దాన్ని డబుల్ నాట్ అని భయపెడుతుంటారు, మీలాగా లోపల్నుంచి బయటికి వీపీఎన్ వేసుకునేవాళ్లకి దానివల్ల పెద్దగా ఇబ్బంది రాదు.

తర్వాత వైఫై. ఫైబర్ డబ్బా వైఫై, సిమ్ డబ్బా వైఫై రెండూ ఆపేయండి, మొహమాటం లేకుండా ఆపేయండి. కొత్త రౌటర్ వైఫైకి పాత ఫైబర్ డబ్బా వైఫై పేరూ పాస్‌వర్డూ అక్షరం పొల్లు పోకుండా పెట్టండి, పెద్దక్షరం చిన్నక్షరం కూడా చూసుకోండి. అప్పుడు ప్రింటర్, ఇంట్లో టీవీ, మామయ్య గారి ఫోన్ వేటినీ ముట్టుకోకుండానే వచ్చి కలుస్తాయి. ప్రింటర్లు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పడతాయి, అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. మీ కొత్త రౌటర్‌లో వైఫై లేకపోతే, డ్యూయల్ వాన్ వాటిల్లో చాలావాటికి ఉండదు, అప్పుడు విడిగా ఒక యాక్సెస్ పాయింట్ (వైఫై మాత్రమే ఇచ్చే డబ్బా) గానీ, యాక్సెస్ పాయింట్ మోడ్ ఉన్న పాత రౌటర్ గానీ దాని వెనక పెట్టాలి, ఇంట్లో అటకమీద ఏదైనా ఉందేమో వెతకండి. ఫైబర్ డబ్బా వెనక గుచ్చి ఉన్న కేబుళ్లు, రికార్డర్‌ది కూడా అక్కడే ఉండుంటుంది, అన్నీ తీసి కొత్త రౌటర్‌కి పెట్టండి. ఫైబర్ డబ్బాకి రౌటర్ వెళ్లే ఒక్క కేబుల్ తప్ప ఇంకేం ఉండకూడదు, సిమ్ డబ్బాకీ అంతే.

ఆ తర్వాత ప్రింటర్‌కి ఒక అడ్రస్ ఖాయం చెయ్యండి. రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది, కనెక్ట్ అయిన వాటి లిస్టులో ప్రింటర్‌ని వెతికి దాని మ్యాక్ అడ్రస్‌కి (ప్రతి వస్తువుకీ తయారీలోనే ఇచ్చే గుర్తింపు నంబర్) 192.168.1.21 ఇవ్వండి. బిల్లింగ్ కంప్యూటర్‌లో ప్రింటర్ పోర్ట్ కూడా ఆ అడ్రస్‌కే ఉండాలి, అక్కడ వేరేది ఉంటే ఆ వేరేదాన్నే రిజర్వేషన్‌లో ఇచ్చేయండి, కంప్యూటర్‌ని కదపక్కర్లేదు. డీహెచ్‌సీపీ రేంజ్ 150 నుంచి 220 దాకా పెట్టండి, ఎందుకంటే రికార్డర్‌కి చేత్తో కొట్టిన అడ్రస్ 108 అయ్యి మీ రేంజ్ 100 నుంచి మొదలైతే ఎవరి ఫోన్‌కో అదే 108 వెళ్లి రెండూ కొట్టుకుంటాయి. రిజర్వేషన్ కూడా రేంజ్ లోపలే ఉండాలని మీ రౌటర్ అంటే మాత్రం లోపలే ఇవ్వండి.

డీఎన్ఎస్, అంటే సైటు పేరుని అడ్రస్‌గా మార్చి చెప్పేది, దాని దగ్గర ఒక చిన్న విషయం చాలామందిని ఏడిపిస్తుంది. ఫైబర్ కంపెనీ డీఎన్ఎస్ అడ్రస్ చేత్తో కొట్టి ఉంటే, సిమ్ మీదికి వచ్చాక అది జవాబు చెప్పకపోవచ్చు, అప్పుడు నెట్ ఉంటుంది గానీ ఏ సైటూ తెరుచుకోదు. 8.8.8.8, 1.1.1.1 పెట్టేస్తే ఏ లైన్ మీదున్నా పనిచేస్తాయి. అలాగే సిమ్‌కి మారాక కూడా ఫోన్లు కొన్ని నిమిషాలు తిరుగుతూనే ఉంటే, ల్యాన్‌లో ఐపీవీ6 (కొత్త రకం అడ్రస్ పద్ధతి) ఆపి చూడండి, చచ్చిపోయిన ఫైబర్ తాలూకు ఐపీవీ6 అడ్రస్ పట్టుకుని వదలకపోవడం వల్ల అలా జరుగుతుంటుంది.

సిమ్ గురించి. బ్యాకప్ సిమ్‌కి రీచార్జ్ అయిపోయి ఉండటం నేను చాలా ఇళ్లల్లో చూశా, నెలల తరబడి అవసరం రాదు, వచ్చిన రోజు వ్యాలిడిటీ ఉండదు. 28 రోజుల ప్లాన్ అయితే ఫోన్‌లో అలారం పెట్టుకోండి. రోజుకి 2 జీబీ ప్లాన్ అయితే షిఫ్ట్ మధ్యలో అయిపోవచ్చు, వీడియో మీటింగ్ ఒక్కటే గంటకి ఒక జీబీ దాకా తినగలదు, అందుకని డేటా ఆడ్-ఆన్ ఎలా వేసుకోవాలో ముందే చూసి ఉంచుకోండి. బిల్లింగ్ కంప్యూటర్‌లో విండోస్ అప్‌డేట్‌లు చాలావరకు ఆగాలంటే మీటర్డ్ కనెక్షన్ అని పెట్టొచ్చు. సిమ్ డబ్బా షాపులో కౌంటర్ కింద పెట్టకండి, మేడ మీద కిటికీ పక్కన పెట్టి అక్కడికి పొడుగు కేబుల్ లాగండి, సిగ్నల్‌లో తేడా మీకే కనపడుతుంది. ఇంకోటి, సిమ్ మీద ఉన్నప్పుడు పోర్ట్ ఫార్వార్డింగ్‌తో (బయటి నుంచి మీ పబ్లిక్ అడ్రస్ కొట్టి నేరుగా రికార్డర్‌లోకి వచ్చే పద్ధతి) కెమెరాలు చూడటం కుదరదు, మొబైల్ కంపెనీలు ఒకే పబ్లిక్ అడ్రస్‌ని చాలామందికి కలిపి ఇస్తాయి కాబట్టి. రికార్డర్ కంపెనీ యాప్‌లో క్యూఆర్ స్కాన్ చేసి చూసే పద్ధతి అయితే రెండు లైన్ల మీదా వస్తుంది.

కరెంటు సంగతి మీరు రాయలేదు గానీ అడుగుతున్నా, కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారే క్షణంలో ఫైబర్ డబ్బా ఆరిపోయి మళ్లీ వెలుగుతోందా? అలా అయితే మీరు ఫైబర్ పోయిందనుకునేవాటిలో కొన్ని నిజానికి డబ్బా రీస్టార్ట్ అవడమే. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అటు పెట్టండి, లేకపోతే రౌటర్లకి వాడే చిన్న డీసీ యూపీఎస్ పెట్టుకోవచ్చు, కొనేముందు మూడు డబ్బాల అడాప్టర్ల మీద వోల్టులు, ఆంపియర్లు చదవండి, అన్నీ 12 వోల్టులే అనుకోవద్దు, 9 వోల్టులవి కూడా ఉంటాయి, 9 దానికి 12 ఇస్తే డబ్బా కాలిపోవచ్చు.

అంతా అయ్యాక పరీక్ష. ఇన్నాళ్లూ మీరు చేసినట్టు రౌటర్ కేబుల్ పీకి చూడొద్దు, అది ఎప్పుడూ పాసవుతుంది, దానివల్ల మనకేం తెలీదు. నిజంగా ఫైబర్ తెగినట్టే చెయ్యాలి. ఫైబర్ డబ్బాకి గుచ్చి ఉన్న ఆ సన్నటి తీగని మెల్లగా తీయండి, మడత పెట్టకుండా, కొసని వేలితో ముట్టుకోకుండా, కొసలోకి కంటితో చూడకుండా, అందులో వచ్చే వెలుగు కంటికి కనపడదు గానీ మంచిది కాదు. ముట్టుకోవాలంటే భయంగా ఉంటే డబ్బా పేజీలోకి వెళ్లి డిస్‌కనెక్ట్ నొక్కినా సరిపోతుంది. మీరు పైన వీపీఎన్ వేసుకుని కూర్చోండి, మామయ్య గారిని కింద బిల్లింగ్ దగ్గర కూర్చోబెట్టండి, తీగ తీసిన టైం రాసుకోండి. అరనిమిషంలోపు నెట్ సిమ్ మీదికి రావాలి, కింద ప్రింటర్‌లో బిల్లు రావాలి, ఫోన్‌లో కెమెరాలు కనపడాలి. తీగ మళ్లీ పెట్టాక మీరు చెప్పిన నిమిషాలు ఆగి వెనక్కి వెళ్తోందా చూడండి. ఎక్కడైనా ఆగితే ఆ టైంలో రౌటర్ స్టేటస్ పేజీలో వాన్1, వాన్2 దగ్గర ఏముందో ఫోటో తీసి, రౌటర్ మోడల్ నంబర్‌తో కలిపి నాకు పంపండి, పీపీపీఓఈ పాస్‌వర్డ్ కనపడుతుంటే దాన్ని మాత్రం కప్పేసి పంపండి.